బల్ల చరిచిన ఏడాది

పార్లమెంటులో వెనక వరసల్లో కూర్చునే సభ్యులు ఏ పనీ చెయ్యరని మీలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. వాళ్ళు ఆవలించినప్పుడే టీవీ కెమెరా అటు తిరుగుతుంది కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ అది తప్పు. మా బావ అక్కడ ఏడాది పొడుగునా పని చెయ్యడం నేను కళ్ళారా చూశాను. చెయ్యి వాచిపోయేట్టు చేశాడు. ఇది మాటవరసకి అంటున్నది కాదు, ఆస్పత్రిలో ఎక్స్‌రే కూడా తీశారు.

మా బావ పేరు రౌతు సింహాద్రినాయుడు. నేను ఆయన బామ్మర్దిని, జోగారావుని. ఎన్నికల్లో గెలిచిన మర్నాడు మా అక్క, "తమ్ముణ్ణి కూడా ఢిల్లీ తీసుకెళ్ళండి, మీ కళ్ళజోడు ఎక్కడ పెట్టుకున్నారో మీకే తెలీదు" అంది. ఆ విధంగా నేను ఎంపీగారి వ్యక్తిగత కార్యదర్శినయ్యాను. నా అర్హతల గురించి ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

రాజకీయాల్లోకి రాకముందు బావ జీడిపిక్కల వ్యాపారం చేసేవాడు. బస్తా మూతి విప్పకుండానే పైన అరిచేత్తో ఒక్కటి వేసి, లోపల పిక్క పచ్చిగా ఉందో ఎండిందో చెప్పేసేవాడు. ఆ చెయ్యి దేశానికి అంతగా అవసరపడుతుందని మాకు అప్పట్లో తెలీదు.

బావ గెలిచింది జీడివలస రైలు మీద. జీడివలస మా నియోజకవర్గంలో సముద్రం వైపున్న ఊరు. ఆ చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా కిడ్నీ జబ్బు మనిషి ఒకరుంటారు. వాళ్ళు వారానికి రెండుసార్లు పట్నం ఆస్పత్రికి వెళ్ళి, యంత్రం పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. పొద్దున్న పాసింజరు జీడివలసలో ఆగుతుంది, దాంట్లో వెళతారు. తిరుగు పాసింజరు మాత్రం వీళ్ళు మంచం దిగేలోపలే పట్నం వదిలి వెళ్ళిపోతుంది. సాయంత్రం ఒక ఎక్స్‌ప్రెస్ ఉంది గానీ అది జీడివలసని ఎరగనట్టు ముఖం తిప్పుకుని పోతుంది. అందుకని ఆ నీరసం మనుషులు రాత్రంతా పట్నం స్టేషన్లో గోనెలు పరుచుకుని పడుకుని మర్నాడు ఇళ్ళకొస్తారు. సాయంత్రం ఎక్స్‌ప్రెస్‌ని జీడివలసలో రెండు నిమిషాలు ఆపిస్తానని బావ మాటిచ్చాడు.

ఆ మాట ఇచ్చింది పైడమ్మ అనే ఆవిడకి. ఎండుచేపలు అమ్ముకుంటుంది. ఆవిడ మొగుడు దాలయ్యకి ఈ జబ్బే. ప్రచారం సభలో జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, "ఓటేస్తాం బాబూ. అక్కడికెల్లేక మా రైలు మాట ఎత్తుతారా?" అనడిగింది.

"మొదటి దినమే ఎత్తుతానమ్మా" అన్నాడు బావ. అని, నా ఫోన్ నంబరు ఆవిడకి ఇప్పించాడు.

మొదటి రోజు నిజంగానే ప్రయత్నించాడు. జీరో అవర్లో మాట్లాడ్డానికి చీటీ పట్టుకుని మేమిద్దరం వెళితే, దాన్ని ఎవరూ తీసుకోలేదు. మెట్లెక్కి సభా ప్రతిస్పందన విభాగానికి వెళ్ళమన్నారు. ఆ విభాగం కొత్తగా పెట్టారట. రంగు వాసన ఇంకా పోలేదు. సంయుక్త కార్యదర్శిగారు లేచి నిలబడి బావకి నమస్కారం పెట్టారు.

"ప్రసంగించవలెనన్న గౌరవ సభ్యుల ఉత్సాహాన్ని సచివాలయం సహర్షంగా గమనిస్తున్నది" అన్నారాయన. "అయితే ప్రసంగించే హక్కును ప్రతిస్పందన ద్వారా సముపార్జించుకోవలసి ఉంటుంది."

బావ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

కార్యదర్శిగారు ఓపికగా వివరించారు. సభలో మాట్లాడేవాళ్ళు ఎక్కువైపోయి వినేవాళ్ళు లేకుండా పోయారని ఒక నిపుణుల సంఘం తేల్చింది. మరి ఎవరు విన్నారో ఎవరు వినలేదో తెలిసేదెట్లా? విన్న సభ్యుడు బల్ల చరుస్తాడు. కాబట్టి ఎంత చరిస్తే అంత విన్నట్టు. ఇప్పుడు ప్రతి బల్ల కిందా ఒక యంత్రం బిగించారు. దెబ్బ పడిన ప్రతిసారీ అది సభ్యుడి ఖాతాలో పాయింట్లు వేస్తుంది. తగినన్ని పాయింట్లు వచ్చిన సభ్యుడికి రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం వస్తుంది.

"మరి చరవకుండా ఊరికే వింటే?" అన్నాడు బావ.

"మౌనం శ్రవణ లోపంగా పరిగణింపబడుతుంది."

ఇంకొకరైతే ఆ గదిలోనే చికాకు పడేవారు. బావ హుషారుగా బయటికొచ్చాడు. "ఇంతేనా? చెయ్యాడిస్తే మాటొస్తాదంటే మనకింకేటి కావాలోయ్ జోగారావూ" అన్నాడు.

కొత్త సభ్యులకి శిక్షణ శిబిరం పెట్టారు. బల్ల చరుపుల్లో నాలుగు రకాలున్నాయని అక్కడ తెలిసింది. స్వల్ప హర్షం, మధ్యమ హర్షం, సుదీర్ఘ హర్షం, ఆకస్మిక హర్షం. అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు ఆకస్మిక హర్షానికి. దాన్ని మాత్రం రోజూ ఉదయం అల్పాహారానికి ముందు సాధన చెయ్యాలి.

ఇంకో నియమం కూడా పెట్టారు. సభలో ఒక భాషలో మాట్లాడితే ఇంకో భాషలో వినిపించే చెవియంత్రాలుంటాయి కదా, పాయింట్ల కోసం నమోదైన సభ్యులు వాటిని పెట్టుకోకూడదు. "శ్రవణం వలన జాప్యం సంభవిస్తున్నది" అన్నారు కార్యదర్శిగారు. "సభ్యుడు వాక్యాన్ని విని, గ్రహించి, ఆపై హర్షించునప్పటికి, మంత్రివర్యులు తరువాతి వాక్యంలో ఉంటున్నారు. తత్ఫలితంగా హర్షం అస్థానంలో పడుతున్నది."

అందుకని పార్టీ విప్‌గారు ముందు వరసలో కూర్చుని చేతిలో ఎర్ర పెన్సిలు పట్టుకుంటారు. పెన్సిలు లేస్తే చరవాలి, దిగితే ఆపాలి. బావకి తెలుగు బాగా వచ్చు. హిందీ, బేరానికి సరిపడా వచ్చు. ఇంగ్లీషు, సంతకానికి సరిపడా వచ్చు. పెన్సిలు భాష మాత్రం ఒక్క పూటలో పట్టేశాడు.

బడ్జెట్ సమావేశాల్లో బావ చెయ్యి చూడాలి. పన్ను పెంచితే చరిచాడు, తగ్గిస్తే చరిచాడు. ఒకసారి ఆర్థికమంత్రి ప్రసంగం మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగుతుంటే, విప్‌గారు పెన్సిలుతో దోమని కొట్టారు. బావ బల్ల దద్దరిల్లింది. పక్కవాళ్ళు అందుకున్నారు. ఆ వరస నుంచి ఈ వరసకి పాకి, మంత్రిగారు గ్లాసు కింద పెట్టేవరకూ సభ మోగిపోయింది. దానికి ఆకస్మిక హర్షం కింద పూర్తి పాయింట్లు పడ్డాయి. మర్నాడు ఒక పత్రిక, ఆ నీళ్ళు తాగడంలో ఉన్న ఆర్థిక సంకేతం గురించి సంపాదకీయం రాసింది.

ఆ సాయంత్రం పైడమ్మ ఫోన్ చేసింది. "టీవీలో బాబుని సూసేమయ్యా. మా గట్టిగా కొడతన్నారు. మా రైలు గురించేనా?"

"దానికోసమేనమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు.

పాయింట్లు నిండాయి. బావకి అవకాశం కూడా వచ్చింది. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, అద్దం ముందు నిలబడి రెండు నిమిషాల ప్రసంగం సాధన చేశాడు. తీరా ఆ రోజు ప్రతిపక్షం వాళ్ళు ఏదో విషయం మీద సభ మధ్యలోకి దూసుకొచ్చారు. సభ మధ్యాహ్నానికి వాయిదా పడింది, తర్వాత మర్నాటికి, తర్వాత నిరవధికంగా. మేము మళ్ళీ కార్యదర్శిగారి గదికి పరిగెత్తాం.

"సమావేశాలు ముగియడంతో ఆయా సమావేశాలలో వ్యక్తమైన హర్షం సైతం మురిగిపోతుంది" అన్నారాయన విచారంగా. "తదుపరి సమావేశాలలో గౌరవ సభ్యులు తాజాగా హర్షించవలసి ఉంటుంది."

ఈలోపు ఖాళీగా ఉండడం ఎందుకని నేనొక రాతపూర్వక ప్రశ్న తయారుచేసి పంపాను. జీడివలసలో ఎక్స్‌ప్రెస్ ఆపే ప్రతిపాదన ఉందా, ఉంటే ఎప్పటిలోగా, లేకపోతే కారణాలేమిటి అని. జవాబు త్వరగానే వచ్చింది. మొదటిదానికి, లేదు. రెండోదానికి, మొదటిదాని దృష్ట్యా ప్రశ్న ఉత్పన్నం కాదు. మూడోదానికి, రెండోది ఉత్పన్నం కానందున ఇదీ ఉత్పన్నం కాదు. చివర్లో, జీడివలస పట్ల శ్రద్ధ కనబరచినందుకు సభ్యులకు ధన్యవాదాలు చెప్పారు. బావ దాన్ని రెండుసార్లు చదివించుకుని, "మర్యాదస్తులు" అన్నాడు.

వర్షాకాల సమావేశాలకి అందరికీ ఈ విద్య పట్టుబడింది. ప్రతిపక్షం వాళ్ళు తమకీ పాయింట్లు కావాలని గొడవ చేస్తే, సరే, మీరూ చరవండన్నారు. వీళ్ళు సంతోషంతో చరుస్తారు, వాళ్ళు కోపంతో చరుస్తారు. యంత్రానికి ఆ తేడా తెలీదు. ఇద్దరికీ సమానంగా వేసింది. అందరి ఖాతాలూ నిండిపోయి బావ వంతు రానేలేదు. మంత్రులు నోరు కదుపుతున్నట్టు కనిపించేది గానీ మాట వినిపించేది కాదు. ఆ సమావేశాల్లో సభ తన పూర్తి సామర్థ్యాన్ని మించి పనిచేసిందని అధికారికంగా ప్రకటించారు.

ఒకరోజు సభాపతి కన్నుమూసిన పాత సభ్యుడొకరికి సంతాపం చదువుతున్నారు. విప్‌గారు పెన్సిలుతో చెవి గోక్కున్నారు. పెన్సిలు లేచిందిగా మరి. నిశ్శబ్దంలో బావ బల్ల ఒక్కటే మోగింది. గ్యాలరీలో ఉన్న నేను కళ్ళు మూసుకున్నాను. ఇక మా పని అయిపోయిందనుకున్నాను. కానీ కార్యదర్శిగారు బావని పిలిపించి చెయ్యి పట్టుకుని ఊపారు.

"విషయంతో నిమిత్తం లేకుండా ప్రతిస్పందించగలగడమే పరిపక్వ సభ్యుని లక్షణం" అన్నారు.

ఈ దెబ్బలకి బల్లలు విరగడం మొదలుపెట్టాయి. కారణాలు పరిశీలించడానికి బల్లల ధ్వని అధ్యయన సంఘం వేశారు. అనుభవాన్ని బట్టి బావని అందులో సభ్యుణ్ణి చేశారు. సంఘం టేకు అడవుల్లో పర్యటించింది. కలప మీద చలి ప్రభావం చూడ్డానికి కొండ మీద చల్లటి ఊరికి వెళ్ళింది. అక్కడ పెద్ద హోటల్లో భోజనాల బల్లల్ని మూడు పూటలా పరీక్షించింది. సంతోషానికి టేకు, సంతాపానికి మెత్తని కలప వాడాలని సిఫారసు చేసింది. నేనూ వెంట వెళ్ళాను. చేపలు బావున్నాయి.

ఆ పర్యటన నుంచి వచ్చాక బావ చెయ్యి వాచింది. మణికట్టు దగ్గర గుమ్మడికాయంత అయింది. ఫోన్ చేస్తే కారొచ్చింది. ఆస్పత్రి గుమ్మంలో చక్రాల కుర్చీ పట్టుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు, చెయ్యి వాచిన మనిషికి. పెద్ద డాక్టరు స్వయంగా చూసి, కట్టు కట్టి, సభా విధుల్లో తగిలిన గాయమని ధ్రువీకరించాడు. గంటలో ఇంటికొచ్చేశాం. దార్లో నాకు దాలయ్య గుర్తొచ్చాడు. పట్నం స్టేషన్లో గోనె మీద ముడుచుకుని పడుకునే ఆ మనిషి గుర్తొచ్చి నాకు చాలా సిగ్గేసింది. బావకి చెబుదామనుకున్నాను గానీ, ఆయన నొప్పితో మూలుగుతున్నాడు.

మర్నాడే పైడమ్మ ఫోన్. ఈసారి గొంతు నీరసంగా ఉంది. "వానకి టేసన్లో తడిసేడయ్యా మావోడు. జొరమొచ్చింది. ఇకమీదట వారానికి మూడుమార్లు రమ్మంతన్నారు ఆసుపత్రోలు. మూడు మార్లంటే ఇక ఇంటికాడ ఉండేదెప్పుడు? బాబుతో ఒకపాలి సెప్పండి."

ఫోన్ బావకే ఇచ్చాను. చాలాసేపు విన్నాడు. పెట్టేశాక, కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. మనిషి మంచివాడండీ. ఇంత కథ చెప్పి ఆ మాట చెప్పకపోతే పాపం.

"శీతాకాలం సమావేశాల్లో ఈ చెయ్యి ఊడిపోయినా సరే, మాటాడి తీరతాను" అన్నాడు.

నిజంగానే చరిచాడు. కట్టు మీద పట్టీ వేసుకుని, పట్టీ మీద తొడుగు వేసుకుని చరిచాడు. కుడిచెయ్యి పనికిరాకపోతే ఎడంచెయ్యితో చరిచాడు. కొంతమంది యువ సభ్యులు ఆయన పక్క సీట్లు అడిగి మరీ వేయించుకున్నారు, నేర్చుకోవచ్చని. దేశంలోకెల్లా ఎక్కువ పాయింట్లు బావకే వచ్చాయి. ఆఖరి రోజు జీరో అవర్లో మొట్టమొదటి పేరు ఆయనదే. విషయం, జీడివలస రైలు. ఆ రోజు ఎవరూ వాకౌట్ చెయ్యబోవడం లేదని నేను స్వయంగా ప్రతిపక్షం వాళ్ళ కార్యదర్శుల్ని కనుక్కున్నాను.

పొద్దున్నే పైడమ్మకి ఫోన్ చేశాను. "ఈరోజు టీవీ చూడండమ్మా. బాబుగారు మాట్లాడతారు." పంచాయతీ ఆఫీసు అరుగు మీద టీవీ పెట్టించారట. ఊరంతా చేరారట. దాలయ్యని కూడా కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారట.

నేను సందర్శకుల గ్యాలరీలో చెవియంత్రం పెట్టుకుని కూర్చున్నాను గానీ, దాంట్లో గరగర తప్ప మాట రావడం లేదు. బావ చేతిలో ప్రసంగం కాగితం. నుదుటి మీద చెమట. జీరో అవర్‌కి ముందు రైల్వే మంత్రి ఒక ప్రకటన చేస్తారన్నారు. మంచి శకునం అనుకున్నాను. మంత్రిగారు లేచి, బరువైన హిందీలో గబగబా చదవడం మొదలుపెట్టారు. పెన్సిలు లేచింది, బల్లలు మోగాయి. పెన్సిలు దిగింది. మళ్ళీ లేచింది. ఆ చప్పుళ్ళ మధ్య ఏవేవో ఊళ్ళ పేర్లు వినిపిస్తున్నాయి. అన్నీ ఉత్తరాది ఊళ్ళు. ఇంతలో, స్పష్టంగా, మైకులో, "జీడివలస" అన్నారు.

బావ సీట్లోంచి సగం లేచాడు. ఏడాది నుంచి ఆ పేరు ఆ గోడల మధ్య వినబడాలని చెయ్యి అరగదీసుకున్న మనిషి. పెన్సిలు కోసం చూడలేదు. రెండు చేతులూ ఎత్తి కొట్టడం మొదలుపెట్టాడు. తొడుగు చిరిగిపోయింది. కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. ఆయన్ని చూసి వెనక వరసలన్నీ అందుకున్నాయి. టీవీ వాళ్ళు కెమెరా తిప్పి బావ ముఖం మీదే ఉంచారు. గ్యాలరీలో చప్పట్లు నిషేధం కాబట్టి నేను నిలబడి, చేతులు రెండూ జేబుల్లో కుక్కుకున్నాను. మంత్రిగారు ఆగి, బావ వైపు తిరిగి, తల వంచి నమస్కరించారు. యంత్రాలు పెట్టినప్పటి నుంచి అంత మోత ఎప్పుడూ నమోదు కాలేదట.

తర్వాత సభాపతి బావ పేరు పిలిచారు. బావ కాగితం విప్పి, గొంతు సవరించుకుని, "అధ్యక్షా" అన్నాడు.

"గౌరవ సభ్యులు ఆసీనులు కావాలి" అన్నారు సభాపతి. ఈసారి నా చెవియంత్రం పనిచేసింది. తెలుగులో వినిపించింది. "సభ్యులు నోటీసిచ్చిన విషయం జీడివలస. తక్కువ రాబడి గల హాల్టులను హేతుబద్ధీకరిస్తూ, ఇకపై ఏ రైలూ ఆగని స్టేషన్లను మంత్రివర్యులు ఇప్పుడే ప్రకటించారు. జీడివలస అందులో ఉన్నది. తన నియోజకవర్గ ప్రజల అసౌకర్యాన్ని లెక్కచేయక, జాతీయ ప్రయోజనాన్ని సభ్యులు అపూర్వ హర్షధ్వానాలతో స్వాగతించారు. కావున వారి విషయం పరిష్కృతమైనట్టు భావిస్తున్నాను. ఇటువంటి త్యాగం సభకే వన్నె."

బావకి చెవియంత్రం లేదు. ఆయన నిలబడే ఉన్నాడు. పక్కాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, చెవిలో ఏదో చెప్పాడు. బావ ముఖం పాలిపోవడం గ్యాలరీ నుంచి నాకు కనిపించింది. అప్పుడే, సభాపతి మాటలకి గౌరవంగా, విప్‌గారి పెన్సిలు లేచింది.

బావ చెయ్యి కూడా లేచింది. బల్ల మీద పడింది.

నేను కార్యదర్శిగారి గదికి పరిగెత్తి, పొరపాటు జరిగిందని, బావకి అర్థం కాక చరిచాడని మొత్తుకున్నాను. ఆయన నాకు టీ తెప్పించారు. "అర్థమై చరిచినట్టు ఏ సభ్యుడూ ఇంతవరకు వాదించలేదు" అన్నారు. "ఆ ప్రాతిపదికన రద్దు చేయవలసి వస్తే దేశంలో ఏ చట్టమూ మిగలదు."

బావకి ఆ ఏటి ఉత్తమ ప్రతిస్పందన సభ్యుడి పురస్కారం ఇచ్చారు. శాలువా కప్పారు, టేకు చెక్కతో చేసిన అరిచెయ్యి ఇచ్చారు. ఇంకేదైనా పనికైతే ఏళ్ళు తీసుకునే రైల్వే శాఖ, జీడివలస బోర్డు మీద అడ్డంగా నల్లరంగు కొట్టే పని వారంలో పూర్తి చేసింది.

మేము జీడివలస వెళ్ళేసరికి పొద్దున్న పాసింజరు వేళయింది. ఊళ్ళోకి వెళ్ళడానికి బావకి ధైర్యం చాల్లేదు, స్టేషన్ దగ్గరే కారాపించాడు. ప్లాట్‌ఫాం మీద అప్పటికే జనం ఉన్నారు. డ్రైవరు దయతలచి ఆపుతాడేమోనని రోజూ వస్తున్నారట. పాసింజరు వచ్చింది. కూత వేసుకుంటూ, వేగం తగ్గించకుండా వెళ్ళిపోయింది. ఎవరూ తిట్టలేదు. చెట్ల వెనక అది కనబడకుండా పోయేవరకూ చూసి, మళ్ళీ కూర్చున్నారు.

పైడమ్మ బావని చూసి దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండునని కూడా అనుకున్నాను.

"ఆ దినం మీరు కొడతంటే సూసేం బాబూ" అంది. "మా ఊరు పేరు ఇనబడింది. మీ కంట నీరు సూసి మాకూ ఏడుపొచ్చింది. ఊరంతా సప్పట్లు కొట్టేం. ఈయనకి ఓపిక నేకపోతే, సేతులు పట్టుకుని నానే కొట్టించేను. సోమారం బండి ఆక్కుండా ఎల్లిపోయినాక తెలిసింది."

బావ బెంచీ దగ్గరికి వెళ్ళాడు. దాలయ్యని లేవదీసి, తనే నడిపించుకుంటూ కారు దాకా తీసుకొచ్చాడు. ఇంకో ఇద్దరు నీరసం మనుషుల్ని కూడా ఎక్కించాం. అంతకంటే పట్టరు. మిగిలినవాళ్ళు బెంచీల మీదే ఉండిపోయారు. వెనక సీట్లో పైడమ్మకి ఆనుకుని కూర్చున్న దాలయ్య, అద్దంలోంచి వాళ్ళనే చూస్తూ నోరు విప్పాడు.

"మేమంటే మీరు కొడతన్నారని కొట్టేం బాబూ" అన్నాడు. "ఏటికి కొడతన్నారో, మీకు తెలుసా?"

ముందు సీట్లో బావ వెనక్కి తిరిగాడు. ఆ ఏడాది మొత్తం మీద ఒక ప్రశ్నకి ఆయన సూటిగా జవాబు చెప్పింది అప్పుడే.

"తెలీదు దాలయ్యా" అన్నాడు.